తిండి అంటే టిఫిన్, హాలు అంటే పాలు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు ఇంట్లో డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండే స్థితి) ఉన్న బిడ్డకు మూడేళ్లు నిండేలోపే ఈ సలహా వినబడుతుంది: "ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి. తెలుగూ కన్నడా కలిపితే అసలు మాటలే రావు." చెప్పేది ప్లేస్కూల్ టీచరు కావచ్చు, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నవారూ కావచ్చు. ఎవరు చెప్పినా అది తప్పే. రెండు భాషల మధ్య పెరుగుతున్న డౌన్ సిండ్రోమ్ పిల్లల్ని, ఒకే భాష వింటున్న అలాంటి పిల్లలతో పోల్చిన ఒక అధ్యయనం కెనడా నుంచి 2005లో వచ్చింది. ఇంగ్లీషులో రెండు భాషల పిల్లలు ఒకే భాష పిల్లలకన్నా వెనకబడలేదు, పైగా రెండో భాష కూడా కొంత వచ్చింది. మాట ఆలస్యం కావడానికి కారణాలు వేరే ఉన్నాయి. నోటి కండరాల్లో పట్టు తక్కువ. మధ్య చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. విన్న మాటను కాసేపు మనసులో నిలుపుకునే శక్తి బలహీనంగా ఉంటుంది. తెలుగు మానేస్తే వీటిలో ఏదీ బాగుపడదు. అమ్మమ్మతో మాట్లాడే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఉద్యోగం గురించి చెప్పబోతూ భాషతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ పిల్లలకు పని నేర్పేది ముందు ఇంట్లోవాళ్లే, నేర్పేది ఇంటి భాషలోనే.

ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం, మార్చి 21, వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరి పేర్లు తిరుగుతాయి. ఫొటోలు చూసి మురిసిపోయి వదిలేస్తే ప్రయోజనం లేదు, వాళ్లు ఎలా చేశారన్నది చూడాలి. 2020 నవంబరు 7న ఫ్లోరిడాలో క్రిస్ నికిక్ ఐరన్‌మ్యాన్ పోటీ పూర్తిచేశాడు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. పట్టిన సమయం 16 గంటల 46 నిమిషాల 9 సెకన్లు, గడువేమో 17 గంటలు. దారిలో సైకిల్ మీంచి పడ్డాడు, చీమలు కుట్టాయి. డౌన్ సిండ్రోమ్‌తో ఈ పోటీ ముగించిన మొదటి మనిషి అతనే. సాధన మొదలైంది మాత్రం ఒక్క పుషప్‌తో, రోజుకు ఒక శాతం మెరుగు అన్న లెక్కతో. స్పెయిన్‌లో మార్ గాల్సెరాన్ 2023లో వలెన్సియా ప్రాంతీయ చట్టసభలో అడుగుపెట్టింది. దానికి ముందు ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం చేసింది, పార్టీలో పద్దెనిమిదో ఏట చేరింది. ఆ దేశానికే చెందిన పాబ్లో పినేడా విశ్వవిద్యాలయ డిగ్రీ అందుకుని, ఇప్పుడు వికలాంగుల ఉపాధి కోసం పనిచేస్తున్నాడు. బోస్టన్‌లో కోలెట్ దివిట్టో ఇంటర్వ్యూల్లో కాదనిపించుకుని 2016లో తన బిస్కెట్ల వ్యాపారం తెరిచింది. మన పక్కనే మలయాళంలో గోపీకృష్ణన్ వర్మ 2021లో సినిమా కథానాయకుడయ్యాడు. అందరి వెనకా ఏళ్లపాటు చిన్న చిన్న మెట్లు కట్టిన ఇల్లు ఒకటి ఉంది.

ఆ మెట్లు కట్టే పద్ధతికి ఒక కీలకం ఉంది. చెవితో విన్నది నిలవదు, కంటితో చూసింది నిలుస్తుంది. "వంటింట్లోకెళ్లి గ్లాసు తీసి నీళ్లు పోసి తాతయ్యకిచ్చి రా" అంటే నాలుగు పనులు. మూడోది దాటేసరికి మొదటిది జారిపోతుంది. మనం దాన్ని మొండితనం అంటాం. అవే నాలుగు ఫొటోలుగా గోడకు అంటిస్తే జరిగిపోతుంది. ఫొటోలు ఇంటర్నెట్‌లోంచి తీసినవి వద్దు. మీ వంటింట్లో, మీ గిన్నెలతో తీసినవే కావాలి.

ఫిల్టర్ కాఫీ తీసుకుందాం. బెంగళూరులో ఇంటికీ ఉద్యోగానికీ పనికొచ్చే విద్య అది. ఇద్దరికి కాఫీ అంటే: ఫిల్టర్ పైగిన్నెలో మూడు చెంచాల పొడి, సన్నని చిల్లుల బిళ్లతో మెల్లగా అదమడం, మరిగిన నీళ్లు గీత దాకా పోయడం, మూత, ఇరవై నిమిషాల టైమర్, పాలు కాచడం, కప్పులో ఒక వంతు డికాషన్, మూడు వంతుల పాలు, చక్కెర, కలపడం, తెచ్చివ్వడం. నేర్పేటప్పుడు వెనకనుంచి మొదలుపెట్టండి. మొదటి వారం అన్నీ మీరు చేసి, చివరి పని ఒక్కటే బిడ్డకు వదలండి: కప్పు తాతయ్య చేతికివ్వడం. రెండో వారం చక్కెర వేసి కలపడం కూడా. ప్రతిసారీ పని ముగించింది బిడ్డే, మెచ్చుకోలు అందేదీ బిడ్డకే. ముందునుంచి నేర్పితే పదకొండో మెట్టు చేరేలోపు ఓపిక అయిపోతుంది, మీకూ వాళ్లకూ. మరిగే నీళ్లు చివరికి వదలండి. దానికి ముందు నెలరోజులు చల్లనీళ్లతో పోయించండి.

కొలతలు మాటల్లో ఉండకూడదు. గ్లాసు మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీయండి. స్కెచ్ పెన్ గీత రెండు కడుగుళ్లకు పోతుంది. వేళ్లు పొట్టిగా, చెయ్యి చిన్నదిగా ఉంటుంది కాబట్టి వెడల్పు పిడి ఉన్న చెంచా, రెండు చెవుల గిన్నె కొనండి. పట్టకారు చాలామందికి కుదరదు, దాంతో పోట్లాడకండి.

ఎక్కువగా చెడేది ఇక్కడ కాదు, మన నోటి దగ్గర. ఒక మాట చెప్పి, రెండు క్షణాలాగి, మళ్లీ అదే మాట ఇంకో రకంగా చెబుతాం. బిడ్డ మొదటిదాన్ని అర్థం చేసుకునేలోపు రెండోది వచ్చి పడుతుంది. ఒకసారి చెప్పి మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే ఫొటో వైపు వేలు చూపండి, మాట వద్దు. చెయ్యి పట్టి చేయించడం ఆఖరిది. ప్రతి మెట్టుకీ "ఊఁ, తర్వాత?" అంటూ ఉంటే, ఆ "తర్వాత" వినబడితే గానీ కదలని అలవాటు పడుతుంది. ఇరవై ఏళ్లకు ఉద్యోగంలో పక్కన "తర్వాత?" అనేవాళ్లుండరు. గుంటూరు నుంచో నెల్లూరు నుంచో వచ్చిన నానమ్మలకు ఇది చెప్పడం కష్టం, వాళ్ల "పాపం" అంత బలమైంది. ఫొటో వైపు వేలు చూపే బాధ్యత నానమ్మకే అప్పగిస్తే కొంత పనిచేస్తుంది.

ఇక కన్నడ. పని దొరికేది ఊళ్లో, ఊరి భాష ఇంట్లో లేదు. నలభై మాటలు చాలు, కానీ తెలుగుకు దగ్గరగా ఉండి మోసం చేసే మాటల్ని ముందు పట్టుకోవాలి. ఇక్కడ "తిండి" అంటే టిఫిన్, అన్నం కూరల భోజనం "ఊట". "హాలు" అంటే పాలు, ముందుగది కాదు. "సాకు" అంటే చాలు. కస్టమర్ "సాకు" అన్నా సాంబారు పోస్తూనే ఉంటే అది మొండితనం కాదు, మాట తెలియకపోవడం. "బేకు" కావాలి, "బేడ" వద్దు, "బిసి నీరు" వేడినీళ్లు, "మొసరు" పెరుగు. ఒక్కో మాటకు ఒక్కో కార్డు చేయండి. ఒకవైపు బొమ్మ, కింద కన్నడ మాట తెలుగు లిపిలో. వారానికి మూడు మాటలు మించొద్దు. కూరగాయల బండి దగ్గర రోజూ ఒకటి వాడించండి. అక్క రెండు భాషల్లోనూ ఒకటే, మన అన్న ఇక్కడ అణ్ణ, కాబట్టి పిలుపులకు ఇబ్బంది లేదు. ఒకటే జాగ్రత్త: మన ఇళ్లలో వచ్చినవాళ్లందరూ అంకులూ ఆంటీలే, అందరినీ కౌగిలించుకుంటే ముచ్చటపడతాం. ఏడేళ్లకు ముచ్చట, ఇరవై రెండేళ్లకు ఫిర్యాదు. కౌగిలి ఇంట్లోవాళ్లకు, షేక్‌హ్యాండ్ తెలిసినవాళ్లకు, నమస్కారం మిగతావాళ్లకు అన్న నియమం ఏడేళ్లకే మొదలుకావాలి. వచ్చే బంధువులతో కూడా పాటింపజేయాలి. అదే అసలు కష్టం.

చదువు సంగతి క్లుప్తంగా. జాతీయ ఓపెన్ స్కూలైన ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి ఐదు సబ్జెక్టులు, ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఒక్కో విడతలో ఒక్కో పేపరు రాసుకోవచ్చు. భాషల జాబితాలో తెలుగు ఉంది, గృహవిజ్ఞానం, చిత్రలేఖనం, డేటా ఎంట్రీ ఉన్నాయి. ఇంట్లో నిలబెట్టిన తెలుగు ఇక్కడ ఒక పేపరు అవుతుంది.

ప్రయాణానికి మెట్రోతో మొదలుపెట్టండి, బస్సు తర్వాత. పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఒకే రైలు, ఆగే చోట్లు మారవు, ప్రకటన వినబడుతుంది. స్మార్ట్‌కార్డు మెడలో ట్యాగుకు వేలాడదీస్తే పోదు. మొదటి పది ప్రయాణాలు పక్కన కూర్చోండి. తర్వాతి పది అదే పెట్టెలో దూరంగా నిలబడండి. ఆపైన పక్క పెట్టెలో, చివరికి దిగే స్టేషన్లో ఎదురుచూడండి. రైలు మారాల్సిన మెజెస్టిక్ మీ దారిలో ఉంటే అదొక్కదానికే నెల కేటాయించండి. చాలామంది తడబడేది అక్కడే. దారి తప్పితే ఏం చేయాలో కూడా నేర్పాలి. కావాలనే ఒక స్టేషన్ ముందు దింపి, యూనిఫాం వేసుకున్న సిబ్బందికి కార్డు చూపించడం సాధన చేయించండి. బస్సుల్లో ఊరిపేరు చదవడం కన్నా 335-ఇ లాంటి నంబరు గుర్తుపట్టడం సులువు.

పని మానేయడానికి శరీరమే కారణం కావడం చాలా తరచు. మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్రపోతుంటే సోమరితనమని అనుకునేముందు నిద్రలో ఊపిరాగే సమస్య ఉందేమో, థైరాయిడ్ తగ్గిందేమో చూపించండి. టీఎస్‌హెచ్ పరీక్ష ఏడాదికొకసారి తప్పదు. పాదాలు చదునుగా ఉంటాయి, ఎనిమిది గంటలు నిలబడితే నొప్పి. దాన్ని మాటల్లో చెప్పలేక విసుక్కుంటారు. పాదం వంపుకు ఆసరా ఉన్న బూట్లు కొనండి, మొదటి రెండు నెలలు నాలుగు గంటల షిఫ్టే అడగండి. చర్మం పొడిబారుతుంది కాబట్టి గిన్నెలు తోమే పనికి గ్లవుజులు అడగాలి. మెడనొప్పి, నడక తీరు మారడం, చేతుల్లో పట్టు తగ్గడం కనిపిస్తే ఆటలూ బరువులూ ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మెడ ఎముకల మధ్య వదులు ఈ పిల్లల్లో ఉండే సంగతే.

కాగితాల్లో రాష్ట్రం మారినవాళ్లకు ఒక చిక్కు ఉంది. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది. రాష్ట్ర పింఛను, పాసులు మాత్రం ఆ రాష్ట్ర చిరునామా అడుగుతాయి. ఆధార్ విజయవాడలో, బతుకు మారతహళ్లిలో అయితే రెండుచోట్లా అందవు. ఎక్కడ ఉండబోతున్నారో తేల్చుకుని చిరునామా మార్చండి. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులైనంత మాత్రాన సంరక్షకులు కారు. అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. పదేళ్లు దాటితే బ్యాంకు ఖాతా సొంతంగా నడపనిస్తారు, అప్పుడే తెరిచి సంతకం సాధన చేయించండి. పొట్టి పేరు, తెలుగులోనే, ప్రతిసారీ ఒకే తీరులో. పెద్ద ఇంగ్లీషు సంతకం రోజుకో రకంగా వచ్చి చెక్కు తిరిగొస్తుంది.

పని కోసం అడిగే చోట్లు ఈ ఊళ్లో ఉన్నాయి. 1999 నుంచి పనిచేస్తున్న ఎనేబుల్ ఇండియా శిక్షణా ఇస్తుంది, ఉద్యోగాలకూ కలుపుతుంది. 2017లో హుబ్బళ్లిలో మొదలై, వికలాంగులే నడిపే మిట్టి కేఫ్‌లు ఇక్కడి విమానాశ్రయంలో కూడా ఉన్నాయి. లెమన్ ట్రీ హోటళ్లు డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని తీసుకుంటాయి. ఎక్కడైనా ఒక షిఫ్టు మొత్తం పక్కన కూర్చుని చూసి అడగండి: పని నేర్పే మనిషి ఎన్ని వారాలుంటారు, రద్దీవేళ ఎవరు చూస్తారు, శిక్షణ ఏ తేదీకి ముగుస్తుంది, జీతం ఎంత, ఎవరి ఖాతాలో పడుతుంది. "శిక్షణ" పేరుతో రెండేళ్లు జీతం లేకుండా తిప్పే చోట్లూ ఉన్నాయి. జవాబులు కాగితం మీద పడ్డాకే యూనిఫాం కొలతలివ్వండి. భుజాలకు సరిపోయే చొక్కాకు చేతులు పొడుగవుతాయి. రెండంగుళాలు మడిచి కుట్టించండి, మరిగే పాల దగ్గర వేలాడే చేతులు ప్రమాదం. చిన్న గుండీలు కూడా తీయించి టిచ్ బటన్లు వేయిస్తే ఉదయం పది నిమిషాలు మిగులుతాయి.