మిరియాల గుండ వేసిన బ్రాందీ

పోయిన ఏడాది ఆగస్టులో, ముసురు పట్టిన ఒక సాయంత్రం షాపు మూసి ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా విరిచేసినట్టు నొప్పులు. రాజాంలో నాది మోటారు వైండింగ్ షాపు. వానాకాలంలో బావుల్లో మునిగిన మోటార్లన్నీ మా దగ్గరికే వస్తాయి, రోజంతా తడిలోనే పని. తడిసి చలిజ్వరం తగిలిందనుకున్నాను. ఇంట్లో అందరూ అదే అన్నారు.

మా పెద్దమ్మ మాతోనే ఉంటుంది. డెబ్భై దాటాయి. అమ్మ పోయాక నాకు అమ్మ ఆవిడే. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, లోపలికెళ్ళి బియ్యం డబ్బా వెనకనుంచి క్వార్టర్ సీసా తీసింది. గ్లాసులో వేడినీళ్ళు, అందులో బ్రాందీ, పైన చిటికెడు మిరియాల గుండ. గ్లాసు కాలుతుంటే చీర చెంగుతో పట్టుకుని తెచ్చి, "తాగీసి పడుకో నాన్నా, తెల్లారేసరికి ఏటీ ఉండదు" అంది.

నాకు తాగే అలవాటు లేదు. కానీ ఆ సీసాని మా ఇంట్లో ఎవరూ తాగుడు కింద జమకట్టరు. మన భాషలో రెండిటికీ మాట ఒకటే కదా, మందు. పెద్దమ్మ పురుళ్ళకి వాళ్ళ అత్తగారు వాతం చెయ్యకుండా అని చెంచాతో బ్రాందీ పట్టించేదట. చంటిపిల్లలకి రొంప చేస్తే రొమ్ముకి రాసి, రెండు చుక్కలు పాలల్లో కలిపేవారు. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు కూడా పర్లాకిమిడి వెళ్ళే చుట్టాల చేత ఒక సీసా తెప్పించి ధాన్యంలో దాచిందని అమ్మ చెప్పేది. ఆవిడ జీవితంలో ఒక్క గుక్క సరదాకి తాగలేదు. అది ఇంట్లో లేకపోతే ఆవిడకి టెన్షన్, అంతే.

గ్లాసు ఖాళీ చేస్తుంటే గొంతునుంచి కడుపుదాకా గీత గీసినట్టు వేడి దిగింది. పావుగంటలో చెమట పట్టింది, వణుకు ఆగింది, నిద్ర ముంచుకొచ్చింది. పొద్దున్న లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది.

మధ్యాహ్నానికి జ్వరం మళ్ళీ వచ్చింది. మెడికల్ షాపులో పారాసిటమాల్ 650 బిళ్ళలు తెచ్చుకున్నాను. నాలుగు గంటలకొకటి చొప్పున రోజుకి ఆరు వేసుకున్నాను. రాత్రి కాగానే గ్లాసు. అన్నం సయించలేదు, పోపు వాసనకే కడుపులో తిప్పేది. చోడి అంబలి రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవాణ్ణి. జ్వరం నీరసమనే అనుకున్నాం. సీసా అయిపోతే ఇంకోటి వచ్చింది. నాలుగు రాత్రులు ఇలాగే గడిచాయి.

ఐదో రోజు పొద్దున్న మూత్రం చూసి నాకే భయమేసింది. మరిగి మరిగి చిక్కబడ్డ టీ డికాషన్ రంగు. మా ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వేలితో కింది రెప్ప లాగి చూసింది. కంట్లో తెల్లగుడ్డు పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టుందని చెప్పి, వెంటనే ఆటో పిలిచింది.

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. సాయంత్రానికి రిపోర్టులొచ్చాయి. కామెర్లు వస్తే రక్తంలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ 8.4. లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, నలభై చుట్టుపక్కల ఉండాల్సింది, 2,300. రక్తం గడ్డకట్టే పరీక్షలో ఒకటి దగ్గర ఉండాల్సిన ఐఎన్‌ఆర్ 1.7. హెపటైటిస్ ఎ పాజిటివ్. అంటే లివర్‌కి పట్టిన వైరస్, పచ్చకామెర్లు.

డాక్టరమ్మ "మందు తాగుతారా?" అని అడిగింది. "లేదండీ" అన్నాను. అబద్ధం చెప్తున్నానన్న ఆలోచన కూడా నాకు రాలేదు. పక్కనున్న మా ఆవిడ, "జ్వరానికని రాత్రిళ్ళు బ్రాందీ ఇచ్చాం మేడం" అంది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపేసింది. ఎంత, ఎన్ని రాత్రులు, బిళ్ళలు ఏవి, రోజుకి ఎన్ని, భోజనం చేస్తున్నారా, ఒక్కొక్కటే అడిగి అన్నీ రాసుకుంది. మా ఆవిడ ఆ రోజు నాతో రాకపోయుంటే ఆ సంగతి ఆ కాగితం మీదికి ఎక్కేది కాదు. ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. నాలాంటివాళ్ళు మా వైపు ఇంటికొకరు ఉంటారు. తాగుబోతు కాదు కాబట్టి, అడిగితే "లేదు" అనే చెప్తారు.

మర్నాడు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పారాసిటమాల్‌ని లివర్ అరిగించేటప్పుడు అందులో కొంత భాగం విషంగా మారుతుంది. దాన్ని విరిచేసే పదార్థం లివర్‌లోనే ఉంటుంది. తిండి లేకపోతే ఆ నిల్వ తగ్గిపోతుంది. ఆల్కహాల్ కూడా లివర్‌కే భారం. నేను వేసుకున్నవి రోజుకి 3,900 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే 4,000 దాటకూడదట. నేనేమో అప్పటికే వైరస్ పట్టిన లివర్‌తో, ఖాళీ కడుపుతో, 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న బ్రాందీ మీద వేసుకున్నాను. ఏది ఎంత చేటు చేసిందో విడదీసి చెప్పలేమంది. సెలైన్‌లో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఎక్కించారు. పారాసిటమాల్‌కి విరుగుడు అది.

మరి ఆ మొదటి రాత్రి ఎందుకు తగ్గినట్టనిపించిందని అడిగాను. ఆల్కహాల్ చర్మం కింద రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. లోపలి వేడి రక్తం పైకి వస్తుంది కాబట్టి ఒళ్ళు వెచ్చబడినట్టుంటుంది, చెమట పడుతుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతుంది. నిద్ర మత్తువల్ల. వైరస్‌కి ఏమీ కాదు. స్పిరిట్ చేతి మీద క్రిముల్ని చంపుతుంది గానీ, తాగింది రక్తంలో కలిసేసరికి ఆ గాఢత ఎక్కడ ఉంటుంది? నాకు మా పనే గుర్తొచ్చింది. మోటారు వేడెక్కి స్టార్టర్ మాటిమాటికీ పడిపోతుంటే, కొందరు రైతులు మోటారు కాలకుండా కాపాడే రిలే తీసేసి డైరెక్టుగా నడిపేస్తారు. నీళ్ళు వస్తాయి. లోపల వైండింగ్ కాలుతూనే ఉంటుంది.

ఈ వైరస్ ఒంట్లో చేరాక 15 నుంచి 50 రోజుల్లో బయటపడుతుందన్నారు. లెక్కేసుకుంటే, జులైలో మురుగు కలిసిన బావిలోంచి మోటారు లాగిన రోజు, అక్కడే కుండలో నీళ్ళు తాగాను. అదే అయ్యుంటుంది.

పెద్దమ్మ రెండు రోజులు వార్డులోకి రాలేదు. బయట బెంచీ మీదే కూర్చుంది. ఎవరో ఏదో అనేశారు, తన చేత్తోనే బిడ్డకి విషం పోశానని ఏడుస్తోందని మా ఆవిడ చెప్పింది. డాక్టరమ్మే బయటికెళ్ళి పక్కన కూర్చుని, "జబ్బు మీవల్ల రాలేదమ్మా, నీళ్ళవల్ల వచ్చింది. ఇకమీదట జ్వరమొస్తే మాత్రం ఆ సీసా తియ్యకండి" అంది. అప్పుడు పెద్దమ్మ లోపలికొచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడింది. నాకు ఆవిడ మీద కోపం ఎప్పుడూ రాలేదు. ఆ గ్లాసులో పోసింది ప్రేమే. దొరల కాలంలో పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోనే బ్రాందీ మందుగా ఇచ్చేవారు. అమెరికా వాళ్ళు తమ అధికారిక మందుల గ్రంథంలోంచి బ్రాందీని, విస్కీని 1916లో గానీ తియ్యలేదు. మా పెద్దమ్మకి ఆ కబురు అందేసరికి ఇంకో వందేళ్ళు పట్టింది.

ఆరు రోజులకి ఇంటికి పంపారు. చప్పిడి పథ్యం అక్కర్లేదు, సయించినంత తినమన్నారు. పసరు మందు ఇస్తామని ఇద్దరొచ్చారు, దండం పెట్టి పంపేశాను. ఆ లివర్ మీద ఇంకేదీ వెయ్యదలచుకోలేదు. ఒళ్ళంతా దురద రెండు వారాలు ఉంది. నీరసమైతే దసరా దాటేదాకా పోలేదు. ఐదు హెచ్‌పీ మోటారు మూత విప్పితే చెయ్యి వణికేది. నవంబరులో ఎస్‌జీపీటీ 34కి వచ్చింది.

మా ఇంట్లో సీసా ఇంకా ఉంది. దాంతో పెద్దమ్మ మోకాళ్ళకి మర్దనా చేసుకుంటుంది. మొన్న సాలూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి మూడు రోజులుగా జ్వరమన్నాడు. పెద్దమ్మ ఫోను నా చేతిలోంచి లాక్కుని, "ఒంటేలు ఏ రంగులో అవుతోందిరా?" అని అడిగింది. వాడు సిగ్గుపడి నసిగాడు. చెప్పేదాకా ఫోను వదల్లేదు.