కేటాయింపు వేరు, విడుదల వేరు

మా అన్నయ్య కూతురు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, ప్రాక్టికల్స్‌కు కావలసిన రసాయనాలు సమయానికి రాకపోతే విద్యార్థులే తలా కొంత వేసుకుని బయట కొనుక్కున్నారని, అదేమంత విశేషం కాదన్నట్టు చెప్పింది. నన్ను బాధపెట్టింది ఆ మామూలుతనమే. ఆ విశ్వవిద్యాలయం పేరు రాయను. రాస్తే తప్పంతా అక్కడి ఆచార్యులదో, స్టోర్సు గుమాస్తాదో అనిపిస్తుంది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూస్తే విషయం అంతకంటే పైన ఉందని తెలుస్తుంది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా ఇచ్చే ప్రధాన సాయాన్ని బ్లాక్ గ్రాంటు అంటారు. సిబ్బంది జీతాలు, విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు ముందుగా అందులోంచే పోవాలి. ప్రభుత్వ ఉద్యోగి పింఛను ట్రెజరీ నుంచి వస్తుంది గాని, విశ్వవిద్యాలయ ఉద్యోగి పింఛను భారం విశ్వవిద్యాలయం మీదే పడుతుంది. 1918లో మొదలైన ఉస్మానియా, 1926లో మొదలైన ఆంధ్ర, 1954 నాటి శ్రీ వెంకటేశ్వర వంటి పాత సంస్థలకు ఇది ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. నియామకాలు ఆగిపోయి పదవీ విరమణలు మాత్రం సాగుతున్న చోట, పాఠం చెప్పేవారి వరుస తరుగుతూ పింఛను తీసుకునేవారి వరుస పెరుగుతూ ఉంటుంది. గ్రాంటు అంకె నిరుటికంటే కాస్త పెరిగినా ప్రయోగశాలకు, గ్రంథాలయానికి, హాస్టలు మరమ్మతులకు మిగిలేది స్వల్పమే. ఆ లోటును దూరవిద్య, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, అనుబంధ కళాశాలల పరీక్ష ఫీజులతో పూడ్చుకుంటున్నారు. ప్రభుత్వ సంస్థ తన ఖర్చును తానే విద్యార్థి నుంచి రాబట్టుకోవడమంటే, పేరు మార్చకుండానే సగం ప్రైవేటు కావడమని నా అభిప్రాయం.

ఇంకొక చిక్కు ఉంది. ఆర్థికమంత్రి సభలో చదివేది కేటాయింపు మాత్రమే. అది విశ్వవిద్యాలయ ఖాతాకు చేరాలంటే విడుదల ఉత్తర్వు రావాలి, బిల్లు ట్రెజరీ దాటాలి, ఆ పైన ఖజానాలో డబ్బుండాలి. ఖజానా బిగుసుకున్నప్పుడు జీతాలను ఆపలేరు, జనాదరణ ఉన్న పథకాలను ఆపరు. ఆగినా రోడ్డెక్కడానికి ఎవరూ లేని పద్దులే ముందు ఆగుతాయి. గ్రంథాలయంలో పత్రికల చందా కట్టలేదని రాస్తారోకో చేసినవారిని నేనింతవరకు చూడలేదు.

బోధనా రుసుముల రీయింబర్స్‌మెంటు గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ పథకం వల్ల ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగు చదివినవారు మా ఊళ్లోనే ఎందరో ఉన్నారు. దాన్ని ఎత్తివేయాలనే వాదనతో నాకు సంబంధం లేదు. అయితే ఉన్నత విద్య పేరుతో రాష్ట్రం పెట్టే సొమ్ములో పెద్ద భాగం విద్యార్థి ద్వారా ప్రైవేటు కళాశాలలకు చేరుతోందని, ఆ సొమ్మైనా వేళకు చేరడం లేదని ఒప్పుకోవాలి. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూసేదాకా వెళ్లాయి. కళాశాలల యాజమాన్యాలు బంద్ చేయగలవు, చర్చలకు పిలిపించుకోగలవు. అవే బకాయిలు రావలసిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం తన సర్కారు మీద తానే బంద్ ఎలా చేస్తుంది? విద్యార్థికి ఇచ్చే సాయం, సంస్థకు ఇచ్చే సాయం రెండు వేర్వేరు బాధ్యతలు. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని తీర్చినట్టు లెక్క చెప్పకూడదు.

కేంద్రం పాత్రనూ విడిచిపెట్టలేము. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య, కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది, ప్రమాణాల నిర్ణయం అంతకుముందు నుంచే ఢిల్లీ చేతిలో ఉంది. 2006 నాటి యూజీసీ (కేంద్రపు విశ్వవిద్యాలయ నిధుల సంఘం) అధ్యాపక వేతన సవరణలో రాష్ట్రాలపై పడే అదనపు భారంలో 80 శాతాన్ని 2010 మార్చి దాకా కేంద్రం భరించింది. 2016 నాటి సవరణకు వచ్చేసరికి ఆ వాటా 50 శాతానికి, గడువు 2019 మార్చికి కుదించుకుపోయింది. ఆ తర్వాత బిల్లంతా రాష్ట్రానిదే. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించరాదని 2018 యూజీసీ నిబంధనలు చెబుతాయి. మన విశ్వవిద్యాలయాల్లో ఏ విభాగానికైనా వెళ్లి చూడండి, ఆ నిబంధనను చదివి నవ్వుకుంటారు. తెలంగాణలో విశ్వవిద్యాలయ పోస్టుల భర్తీకి తలపెట్టిన ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో శాసనసభ ఆమోదం పొంది రాజ్‌భవన్ దగ్గర ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో వెలువడిన నియామక ప్రకటనలు కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. ఈలోగా ఖాళీ పోస్టు వల్ల ఆదా అవుతున్న జీతం ఎవరికీ కనబడని కోతగా మారిపోయింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలినాళ్లలో (ఇప్పటి ఒడిశాలోని) జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో లక్ష ఎంత పెద్ద మొత్తమో అందరూ చెబుతారు గాని, నన్ను ఆకట్టుకునేది ‘ఏటా’ అన్న మాట. వచ్చే ఏడు ఎంత వస్తుందో తెలిసిన సంస్థే కొత్త విభాగం తెరవగలదు, మంచి ఆచార్యుణ్ణి రప్పించగలదు. అందుకే గ్రాంటు పెంచమని అడగడం కంటే ముందు మూడు విషయాలు అడగాలనుకుంటాను. పింఛన్లను బ్లాక్ గ్రాంటు నుంచి విడదీసి ట్రెజరీకి అప్పగించాలి. గ్రాంటును త్రైమాసిక వాయిదాల్లో ఫలానా తేదీలోపు విడుదల చేయాలన్న నియమాన్ని ఉత్తర్వుగా కాక చట్టంగా చేయాలి. ప్రతి విడుదల వివరాన్నీ ఆ వారంలోనే ప్రజల ముందుంచాలి.

మూడోది చిన్న కోరికలా కనిపించవచ్చు. కాని బడ్జెట్ పుస్తకంలో వాస్తవ ఖర్చు రెండేళ్లు ఆలస్యంగా అచ్చవుతుంది. 2023-24లో నిజంగా ఎంత ఖర్చయిందో 2025-26 బడ్జెట్ పత్రాల్లో గాని కనిపించదు. ఎమ్మెస్సీ రెండేళ్ల కోర్సు. తాను చేరిన ఏడాది తన విభాగానికి డబ్బు చేరిందో లేదో ఆ లెక్కల్లో చూసుకునే నాటికి మా అమ్మాయి పట్టా తీసుకుని వెళ్లిపోయి ఉంటుంది.