పంచ్ కార్డుల మనుషుల కోసం బెజవాడ, గుంటూరు

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెజవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో దిగాను. దుర్గమ్మ కొండకు వెళ్లే జనంతో ఆటోలు అప్పటికే నిండిపోతున్నాయి. నేనొచ్చిన పని వేరు. మన దేశంలో ఒక్కో కంప్యూటర్ ఒక గదినంతా ఆక్రమించిన రోజుల్లో వాటి దగ్గర ఉద్యోగాలు చేసి, రిటైరయ్యాక సొంత ఊళ్లకు చేరుకున్నవాళ్లు ఈ రెండు ఊళ్లలోనూ ఉన్నారు. అందరికీ డెబ్బై దాటాయి. తెలుగులో కంప్యూటర్ కబుర్లన్నీ అమీర్‌పేట దగ్గరో అమెరికా వీసా దగ్గరో మొదలవుతాయి. అంతకు ముందు వాళ్లు పడిన శ్రమ ఎక్కడా కనపడదు. అది నాకు బాధగా ఉంటుంది. అందుకే రికార్డర్ పట్టుకుని వచ్చాను.

ముందు సత్యనారాయణపురం. ఒకప్పుడు రైలు పట్టాలున్న చోట ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డుంది. దాని పక్క వీధిలో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థలో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారిల్లు. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సంస్థలోనే టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అనే కంప్యూటర్లు తయారయ్యాయి. విదేశాల నుంచి తెచ్చి బిగించినవి కావు, ఇక్కడివాళ్లే డిజైన్ చేసిన యంత్రాలు. ఆయన చేతులు తిరిగింది 316 మీద.

“పొద్దున్నే ప్యానెల్ ముందు నిలబడి స్విచ్‌లు ఒక్కొక్కటే వేసి మొదటి ఆదేశాలు ఎక్కించాలండీ. అవి సరిగ్గా పడితేనే మిగతాదంతా టేపు మీద నుంచి చదువుకుంటుంది. ఒక్క స్విచ్ అటూ ఇటూ అయిందా, మళ్లీ మొదటికే” అన్నారు. అంటూనే కుర్చీ చేతి మీద ఆ వరస వేళ్లతో వేసి చూపించారు. తర్వాతి కాలపు ఉద్యోగాల గురించి అడిగితే తడుముకున్నారు గానీ, ఆ స్విచ్‌ల వరసలో మాత్రం ఆయన వేళ్లు ఎక్కడా ఆగలేదు.

1978లో అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎం మన దేశం వదిలి వెళ్లిపోయిన సంగతి ఆయనే ఎత్తారు. విదేశీ కంపెనీలు వాటా తగ్గించుకోవాలన్న 1973 నాటి ఫెరా చట్టానికి ఆ కంపెనీ ఒప్పుకోలేదు. మరి అప్పటికే ఆఫీసుల్లో నడుస్తున్న వాళ్ల యంత్రాల గతేమిటి? ఆ మరమ్మతు బాధ్యతను ప్రభుత్వ సంస్థ సీఎంసీ తీసుకుంది. ఆయన స్నేహితులు కొందరు అందులో చేరారట. “బోర్డు పాడైతే పారేసి కొత్తది పెట్టడం మాకు తెలీదు. ఏ ట్రాన్సిస్టర్ పోయిందో పట్టుకుని, సోల్డర్ చేసి, మళ్లీ బిగించేవాళ్లం” అన్నారాయన. ఆ ఓపికే మన పరిశ్రమకు పునాది అని నేను నమ్ముతాను.

మధ్యాహ్నం వన్‌టౌన్‌లో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని కలిశాను. బ్యాంకుల్లో యంత్రాల మీద యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ 1983లో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఖాతాల పద్దులు ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ మెషిన్లు వచ్చాయి. ఉద్యోగాలు పోతాయని ఆయన అప్పట్లో జెండా పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు, తర్వాత అదే మెషిన్ మీద శిక్షణా తీసుకున్నారు. జూన్, డిసెంబరు ఆఖర్లలో వడ్డీ లెక్కలు చేత్తో వేస్తూ అర్ధరాత్రి దాకా బ్యాంకులోనే ఉండే బాధ దాంతో తీరిందని చెప్పారు. ఆనాటి భయం అబద్ధమని మాత్రం అనలేదు. నాకూ అలా అనాలనిపించదు.

గుంటూరు ప్యాసింజర్ ఎక్కాను. కృష్ణ దాటి, మంగళగిరి గాలిగోపురం కనపడి మరుగయ్యాక ఇక ఊరు ఎంతో దూరం లేదు. బ్రాడీపేటలో చిరునామా అంటే లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు. ఆ రెండూ తెలిస్తే ఇల్లు దొరికినట్టే. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు లెక్కలు అందించిన అట్టముక్క, పంచ్ కార్డూ అచ్చం అలాంటిదే: పన్నెండు అడ్డు వరసలు, ఎనభై నిలువు గళ్లు, ఏ గడిలో ఏ వరసన చిల్లు పడిందో దాన్నిబట్టి అంకె, అక్షరం.

ఆ చిల్లులు వేసినావిడ ఇంటికే వెళ్లాను. పంతొమ్మిదేళ్లప్పుడు సికింద్రాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వ ఆఫీసులో పంచ్ ఆపరేటర్‌గా చేరారు. ఆ గదిలో అందరూ ఆడపిల్లలే. లోపల ఐబీఎం 1401 కంప్యూటర్. ఎంత పెంచినా దాని జ్ఞాపకశక్తి 16,000 అక్షరాలు. ఇవాళ మన తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడుతున్నాయి, ఆ లెక్కన ఈ వ్యాసం ఒక్కటే దాన్ని నింపేస్తుంది. అంతలోనే వేలమంది జీతాల బిల్లులు తయారయ్యేవి.

“గంటకు ఎనిమిది వేల కీ డిప్రెషన్లు, అంటే మీటలు, కొట్టాలి నాయనా. కాగితం మీద నుంచి చూపు తిప్పకూడదు. నేను కొట్టిన కార్డుల్ని పక్కమ్మాయి వెరిఫయర్ మీద మళ్లీ మొదట్నుంచీ కొట్టేది. రెండూ సరిపోతే కార్డు అంచున చిన్న గాటు పడేది. పొసగకపోతే తప్పున్న గడి పైన పడేది. ఆ గాటు చూస్తే గుండె జారేది.”

“మరి కార్డుల కట్ట చెయ్యి జారి పడిపోతేనో?” అన్నాను.

“అందుకే కట్ట పైన పెన్సిల్‌తో ఏటవాలుగా గీత గీసేవాళ్లం. పడిపోయినా ఆ గీత కలిసేట్టు పేర్చుకుంటే వరస దొరికేది. తేమ తగిలితే కార్డులు ఉబ్బి రీడర్‌లో ఇరుక్కునేవి, అందుకని ఏసీ. ఎర్రటి ఎండల్లో స్వెటర్ తీసుకుని ఆఫీసుకెళ్తుంటే మా వీధి వీధంతా నన్నే చూసేది!”

రాత ప్రతి లేకుండా ఇంత వివరం ఆవిడకు గుర్తుంది. ప్రోగ్రామ్ రాసినవాళ్ల పేర్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. లెక్కలన్నీ యంత్రంలోకి చేరింది ఈవిడ వేళ్ల మీదుగా. ఈ పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

1998లో ఆవిడ కూతురు కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని వైటూకే పనిలో, అంటే 2000 వచ్చాక రెండంకెల సంవత్సరంతో కంప్యూటర్లు తికమకపడకుండా పాత ప్రోగ్రాములు సరిచేసే పనిలో చేరిందట. ఒకరోజు ఫోన్ చేసి, “సంవత్సరానికి రెండంకెలే ఎందుకు పెట్టారమ్మా? ఈ తిప్పలన్నీ దానివల్లే” అని అడిగింది. “ఎనభై గళ్లలోనే పేరు, నంబరు, జీతం, తేదీ అన్నీ పట్టాలి కదే, పంతొమ్మిది కొడితే రెండు గళ్లు దండగ” అన్నారట ఈవిడ. తన కూతురు బాగుచేస్తున్నది తన తరం పొదుపునే అని ఆరోజే తెలిసిందని చెబుతూ మనసారా నవ్వారు.

వెళ్లొస్తానని లేచాక తెనాలి ఫోన్ నంబరొకటి రాసిచ్చారు. వెరిఫయర్ మీద ఈవిడ కార్డులు సరిచూసిన పక్కమ్మాయిది. “వచ్చే ఆదివారమే వెళ్లు నాయనా. దానికి నాకంటే ఎక్కువ గుర్తు. నేను తప్పులు కొట్టేదాన్ని కాదంటే అది ఒప్పుకుంటుందేమో అడుగు.”