అమ్మ పేరు సగమే కనిపించింది

మొన్న రాత్రి ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) యాప్‌లో మా అమ్మ పేరు ‘లక్ష్మి’ అని పెడితే, స్క్రీన్ మీద ‘లక్ష్’ అని కనిపించింది. ఒళ్లు మండిపోయింది. వెంటనే బగ్ రిపోర్ట్, అంటే యాప్‌లో తప్పుందని చెప్పే ఫిర్యాదు, రాసేశాను: "తెలుగంటే మీకు లెక్కే లేదా? ఒక్కసారైనా టెస్ట్ చేశారా?"

పొద్దున లేచి చదువుకుంటే సిగ్గేసింది. అందులో బగ్ సరిచేయడానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఏ వెర్షన్, ఏ ఫోన్, ఏం టైప్ చేశాను, ఏం రావాలి, ఏదీ చెప్పలేదు. ఆ యాప్‌ను చూసుకునేది ఒక్క మనిషి. అదీ ఆఫీసు పని అయ్యాక, పైసా తీసుకోకుండా.

క్షమించమని అడిగి మళ్లీ రాశాను. ‘లక్ష్మి’ కంటికి రెండే అక్షరాలు, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ లెక్కలో మాత్రం ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మీ కోడ్ ఐదు దగ్గర కత్తిరిస్తున్నట్టుంది, అందుకే ‘మి’ పోతోంది. స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను. యాప్ చాలా వేగంగా పనిచేస్తోందనీ రాశాను, అది నిజం కాబట్టి.

2018 సెప్టెంబరులో లైనక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు తన ఈమెయిళ్లలోని దురుసుతనానికి క్షమాపణ చెప్పి, లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రామ్) పని కొన్నాళ్లు పక్కన పెట్టాడు. కోడ్‌లో తప్పుంటే గట్టిగానే చెప్పాలి. కానీ ఆ రాత్రి నేను తిట్టింది కోడ్‌ను కాదు, మనిషిని.

మధ్యాహ్నానికి జవాబొచ్చింది: "ఇప్పుడు అర్థమైంది. పరీక్షించడానికి ఇలాంటి పేర్లు ఇంకో నాలుగు పంపుతారా?"

జ్యోత్స్న, ఐశ్వర్య, కృష్ణమూర్తి, విజయలక్ష్మి. పంపాను.