మాన్యువల్ సారూ, రిడక్షన్ పేజీ

మా కాలేజీ సావనీర్‌కి ఒక పేజీ రాసివ్వమని కమిటీ తరఫున తాడిపత్రి వదలకుండా ఫోన్లు చేస్తున్నాడు. (మాలో మాకు ఊరి పేర్లే పేర్లు.) హాస్టల్ సంగతులు హిందూపురం రాస్తున్నాడట. ఇక నాకు మిగిలింది కంప్యూటర్ ల్యాబ్. ల్యాబ్ అంటే, దేనికైనా మాన్యువల్ తెరిపించే మా మాన్యువల్ సారే.

మొదటి రెండేళ్లలో ఏం చదివామో గుర్తులేదు గానీ, మూడో ఏడు గుంతకల్ రాసిన ఆ లూప్ మాత్రం అక్షరం అక్షరం గుర్తుంది. దశాంశ సంఖ్యల మొత్తం. రన్ చేసిన ప్రతిసారీ ఒక్కో జవాబు. పనిని పంచుకుని ఒకేసారి నడిచే రెండు థ్రెడ్లూ ఒకే వేరియబుల్‌లోని పాత విలువ చదివి, కూడి, మళ్లీ అందులోనే రాస్తుంటే ఒకదాని కూడిక కొట్టుకుపోతోంది. సీనియర్ అన్న వచ్చి "రిడక్షన్ పెట్టరా, సరిపోతుంది" అన్నాడు. పెట్టాడు. జవాబు కుదిరింది, చివరి అంకెలు మాత్రం ఇంకా మారుతూనే ఉన్నాయి. మెషిన్ పోయిందని తాడిపత్రి, ప్రోగ్రామ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్‌లో బగ్గని కదిరి, ఒకటే గొడవ.

సార్ స్క్రీన్ వైపు చూడలేదు. "ముందు వెర్షన్ చెప్పండ్రా" అన్నారు. మా కంపైలర్ జీసీసీ 4.4. పనిని థ్రెడ్లకు పంచే ఓపెన్‌ఎంపీ జీసీసీ 4.2 నుంచే ఉన్నా, ఓపెన్‌ఎంపీ 3.0 స్పెసిఫికేషన్ వర్తించేది జీసీసీ 4.4 నుంచి. బీరువాలోంచి ఆ 3.0 కాపీనే తీశారు. టవర్ క్లాక్ దగ్గర సొంత డబ్బుతో జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించింది. రిడక్షన్ పేజీ తెరిచి, కోర్టు కాగితం చదివినట్టు వాక్యం వాక్యం గుంతకల్ చేత పైకి చదివించారు. ప్రతి థ్రెడ్‌కీ సొంత కాపీ, కూడికైతే అది సున్నాతో మొదలు, చివర్లో అన్నీ కలుపుతారు. అన్న చెప్పింది అంతవరకే. సార్ ఆపనివ్వలేదు. ఇంకాస్త కింద ఉంది: ఆ విలువలను ఏ వరుసలో కలుపుతారో చెప్పలేం, అందుకే రెండు రన్‌ల ఫలితాలు బిట్ బిట్‌కీ ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. కూడే వరుస మారితే రౌండింగ్ మారుతుంది, చివరి అంకెలు మారతాయి. బగ్ లేదు, మెషిన్ పోలేదు. ఉగ్గాని చల్లారిపోయినా ఆ రోజు ఎవరూ క్యాంటీన్‌కి కదల్లేదు.

ఇప్పుడు బెంగళూరులో కంపైలర్ టీమ్‌లో ఉన్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి రాసిన ఎంపీఐ ప్రోగ్రామ్ (విడివిడి ప్రాసెస్‌లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) చిన్న మెసేజ్‌లకు నడిచి, పెద్దవాటికి ఆగిపోయింది. రెండు ప్రాసెస్‌లూ ముందు సెండ్ చేసి, తర్వాతే రిసీవ్‌కి వస్తున్నాయి. మధ్యలో మెసేజ్‌ని దాచిపెట్టే బఫర్ ఉంటే గట్టెక్కుతాయి, లేకపోతే ఒకదానికోసం ఒకటి నిలబడిపోతాయి. ఇలా బఫర్‌ని నమ్ముకున్న ప్రోగ్రామ్ సురక్షితం కాదని ఎంపీఐ స్టాండర్డ్‌లోనే రాసుంది. ఆ పేజీ ఆ అమ్మాయి చేత పైకి చదివించాను.

మా కంపైలర్ మాన్యువల్‌లో ఓపెన్‌ఎంపీ అధ్యాయం నేనే రాశాను. ప్రతి ఆప్షన్ ఏం చేస్తుందో రాసి, ఏ హామీ ఇవ్వదో వెంటనే దాని కిందే పెట్టాను. ప్రింట్ తీసి సార్‌కి పంపితే మొత్తం చదివి ఫోన్ చేశారు. రిడక్షన్ దగ్గర దశాంశాలతో ఇంకో ఉదాహరణ కావాలన్నారు. గుంతకల్ లూపే పెట్టాను.