వేరే దేశంలో ఒక పాపకి స్పాన్సర్‌గా చేరే ముందు మేం అడిగిన ప్రశ్నలు – నా అనుభవం

వేరే దేశంలో ఒక పాప చదువుకి నెలనెలా సాయం చేద్దామని నేనూ మా ఆయనా ఎప్పుడో అనుకున్నాం. ఏ సంస్థ ద్వారా అన్నది తేల్చుకోవడానికే చాలా కాలం పట్టింది. ఏ వెబ్‌సైట్ తెరిచినా వరసగా పిల్లల ఫొటోలే ఉంటాయి. పేరు, వయసు, స్పాన్సర్ కోసం ఎంతకాలంగా ఎదురుచూస్తోందో కూడా రాసి ఉంటుంది. ఆ ముఖాలు చూశాక ఇంకేమీ అడగబుద్ధి కాదు. అందుకే సంస్థ తేలేదాకా ఫొటోల జోలికి వెళ్లకూడదని ముందే అనుకున్నాం.

మొదట చూసింది డబ్బు ఎక్కడికి పోతుందన్నది. వరల్డ్ విజన్, ప్లాన్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల్లో అది ఆ పాప ఇంటికి చేరదు. స్పాన్సర్లందరి డబ్బూ కలిపి ఆ ప్రాంతంలో బడికి, మంచినీళ్లకి, ఆరోగ్యానికి ఖర్చుపెడతారు. కంపాషన్ ఇంటర్నేషనల్ స్థానిక చర్చిల ద్వారా, పేరు నమోదైన పిల్లలకే నేరుగా చదువు, వైద్యం వంటివి అందిస్తుంది. డబ్బు కలిపేస్తారని తెలిసి మా ఆయన కాస్త నిరాశపడ్డారు. నాకు మాత్రం అదే న్యాయమనిపించింది. ఒక్క పాపకే అన్నీ వస్తే పక్కనే ఉన్న చెల్లికి ఏం చెబుతారు? కాకపోతే ఆ సంగతి ఫొటో పక్కనే రాయాలి, ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో కాదు.

అసలు ఈ సాయం వల్ల మేలు జరుగుతుందా అన్నదీ వెతికాను. బ్రూస్ వైడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2013లో ప్రచురించిన అధ్యయనం దొరికింది. కంపాషన్ సాయంతో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో 6 దేశాల్లో చూశారు. వాళ్లు సగటున ఏడాదికి పైగా ఎక్కువ చదివారట. చదివాక ధైర్యం వచ్చింది, అయితే అది ఒక్క సంస్థ గురించిన మాట. ఇంకోవైపు 1998లో చికాగో ట్రిబ్యూన్ విలేకరులు తామే స్పాన్సర్లుగా చేరి, ఆ పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లారు. చనిపోయిన పిల్ల పేరు మీద కూడా ఒక సంస్థ డబ్బు తీసుకుంటూనే ఉందని బయటపడింది. అది చదివాక ఎవర్నీ నమ్మలేమేమో అనిపించింది.

ఇక లెక్కలు. అమెరికా సంస్థలైతే చాలావాటికి ఫారం 990 (అక్కడి పన్ను శాఖకి ఏటా ఇచ్చే లెక్కల పత్రం), ఇంగ్లండ్, వేల్స్ సంస్థలైతే అక్కడి సేవాసంస్థల్ని పర్యవేక్షించే చారిటీ కమిషన్ రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. ఆఫీసు ఖర్చు తక్కువైతే మంచి సంస్థ అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఉత్తరాలు అనువదించాలి, పిల్లలకి హాని కలిగించే మాటలేమైనా ఉన్నాయేమో ప్రతి ఉత్తరం చదివి చూడాలి, ఎవరో ఒకరు వెళ్లి పాపని కలిసి రావాలి. ఇవి ఊరికే జరగవు. చనిపోయిన పిల్ల సంగతి ఏళ్ల తరబడి తెలియకపోవడం కంటే ఆ ఖర్చే నయం.

తర్వాత కొన్ని సంస్థలకి ఒకే రకం ప్రశ్నలు పంపాను. మేం మధ్యలో మానేస్తే పాప సంగతేంటి? కుటుంబం ఊరు మారితే మాకెప్పుడు చెబుతారు? మతబోధన ఉందా, వద్దంటే సాయం ఆగుతుందా? ఫొటోకి తల్లిదండ్రుల్ని ఎలా అడిగారు? ఒక సంస్థ జవాబుకి బదులు రంగురంగుల బ్రోషర్ పంపింది. ఇంకో సంస్థ నుంచి కార్డు వివరాల కోసం ఫోన్ల మీద ఫోన్లు. మరో చోట ఒకావిడ మాత్రం ఒక్కో ప్రశ్నకీ ఓపిగ్గా రాశారు. మానేసినా పాప కార్యక్రమంలోనే ఉంటుందని, కొత్త స్పాన్సర్ దొరికేదాకా ఉమ్మడి నిధి నుంచి ఖర్చు పెడతామని చెప్పారు. "మీరిచ్చే డబ్బు ఆ ఒక్క పాపకే అని మాత్రం చెప్పలేం" అని కూడా రాశారు. ఆ మాటతోనే మా ఆయనకీ గురి కుదిరింది.

పాపని మేం ఎంచుకోలేదు. చాలాకాలంగా ఎవరూ స్పాన్సర్ చేయని పిల్ల వివరాలు పంపమన్నాం. వరల్డ్ విజన్ 2019లో పిల్లలే స్పాన్సర్‌ని ఎంచుకునే పద్ధతి కూడా మొదలుపెట్టింది, అది ఇంకా బాగుంది. పాప అడ్రస్ మాకివ్వలేదు. ఉత్తరాలు ఆఫీసు ద్వారానే వెళ్లాలి. చూడటానికి వెళ్లాలంటే ముందు మా గురించి విచారణ చేస్తారు. ఇవన్నీ చూసి చిరాకుపడేవాళ్లున్నారు, నాకైతే నమ్మకం పెరిగింది.

మా మొదటి ఉత్తరంలో ఇల్లు, వస్తువుల కబుర్లు లేకుండా, తనకి ఏ పాఠం ఇష్టమో అడిగాం. వార్షిక నివేదిక వచ్చిన ప్రతిసారీ మళ్లీ ప్రశ్నలు పంపుతానని ఆవిడకి ముందే చెప్పాను, తప్పకుండా పంపమన్నారు.