పర్లాకిమిడిలో కన్యాశుల్కం చదువుతుంటే

మా అక్క కూతురికి 12 ఏళ్ళు. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు అంతే. పర్లాకిమిడిలో చాలా ఇళ్ళల్లో ఇదే సంగతి, 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళాక మాట ఇంట్లో నిలబడింది, అక్షరం మాత్రం మెల్లగా జారిపోయింది. అందుకే ఈ సెలవుల్లో రోజూ రాత్రి అన్నాలయ్యాక దానికి కన్యాశుల్కం పైకి చదువుతున్నాను. అర్థం కాదేమో అని భయపడ్డాను, అస్సలు ఆ బాధే రాలేదు, గురజాడ రాసింది విజయనగరం వైపు నోటి మాటే కదా, "అమ్మమ్మ ఇలాగే మాట్లాడుద్ది కదా పిన్నీ" అంది. గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామ్మూర్తి గారు మా ఊళ్ళోనే మాస్టారుగా పనిచేశారని, వాడుక తెలుగు కోసం అంత పోరాడారని చెప్తుంటే నాకే గొంతు పట్టేసింది.

గిరీశం కోతలకి నవ్వింది, వెంకటేశం వేషాలకి నవ్వింది. సుబ్బి బేరం దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. చిన్నపిల్లని ముసలి లుబ్ధావధాన్లుకి 1800 రూపాయలకి ఇచ్చేస్తానంటాడు తండ్రి అగ్నిహోత్రావధాన్లు, పెద్దకూతురు బుచ్చమ్మని ఇలాగే ఇచ్చి విధవని చేసుకున్నాక కూడా. తల్లి వెంకమ్మ ఆపలేక నూతిలో దూకింది.

"ఇంతకీ తప్పెవరిది పిన్నీ?" అని అడిగింది. నేను టక్కున తండ్రిదే అన్నాను, అని చదువుతూ పోతే నా జవాబు నాకే సరిపోలేదు. తండ్రికి ఆచారం ఉంది, కోర్టు దావాలకి డబ్బు కావాలి. లుబ్ధావధాన్లుకి ముసలితనంలో ఇంట్లో ఓ పెళ్ళాం కావాలి. రామప్పంతులుకి మధ్యలో తినడానికి నాలుగు రూపాయలు కావాలి. జాతకం చూసేవాడు, పెళ్ళి చేయించేవాడు, భోజనానికి వచ్చేవాళ్ళు, అందరూ పెద్దమనుషులే, ఎవరి వాటా వాళ్ళు తీసుకుంటారు, తప్పు మాత్రం ఎవరి చేతిలోనూ ఆగదు.

ముందుమాటలో ఉన్న లెక్క కూడా చదివాను. అప్పట్లో విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళు రాయిస్తే 1034 తేలాయట. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ తలా 350 నుంచి 400 రూపాయల ధర. ఒక్కో అంకె వెనకాల ఎంతమంది పెద్దమనుషులు విస్తళ్ళ ముందు కూర్చుని ఉంటారో అనిపించి కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా పెద్ద విషయం మధురవాణి అనే వేశ్య. సుబ్బిని తప్పించడానికి మగపిల్లాడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టిన ఎత్తులో ఆవిడ చెయ్యి కూడా ఉంది, ఆ పిల్లాడు మాయమయ్యేసరికి ముసలాయన మీద హత్య కేసు పడింది. ఆయన చెడ్డవాడే కావచ్చు గానీ చెయ్యని హత్యకి ఉరికంబం ఎక్కకూడదు కదా, అది తన వల్ల వచ్చిన ఆపద అని గుర్తించి మగవేషంలో ముసలాయన వకీలు సౌజన్యారావు ఇంటికెళ్ళి నిజం చెప్పింది. సౌజన్యారావు మంచివాడే, కానీ వేశ్య మొహం చూడనన్న మనిషి, మరి ఆయన క్లయింటుని కాపాడింది ఆ వేశ్యే. ఊరంతా కింద కూర్చోబెట్టిన మనిషి ఒక్కతే "ఇందులో నాకూ భాగం ఉంది" అన్నట్టు లేచి నడిచింది.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో కొండ మీంచి వచ్చిన సవర తెగ పిల్ల ఒకర్తి ఉండేది, నాకన్నా ఏడాది పెద్దదేమో. అంట్లు తోమేది, నా పాత గౌన్లు వేసుకునేది, నేను బడికెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూసేది. కడుపునిండా తింటోంది కదా అనేది మా నాన్నమ్మ, వాళ్ళ నాన్నే తెచ్చి దింపాడు కదా అనేవారు నాన్న, ఆ పిల్లని పనికి కుదిర్చిన మనిషికి ఏదో ముట్టే ఉంటుంది. పదమూడేళ్ళకి పెళ్ళని తీసుకెళ్ళిపోయారు. మేం ఓ చీర పెట్టి పంపించాం, మంచి పని చేశామనే అనుకున్నాం అందరం. అచ్చం అవే మాటలు, ఎవరి కారణం వాళ్ళది. నాకప్పుడు పన్నెండేళ్ళు, సరే, కానీ ఆ తర్వాత పాతికేళ్ళలో ఒక్కసారైనా ఎలా ఉందో కనుక్కోలేదు, దానికి మాత్రం నా దగ్గర ఏ కారణమూ లేదు.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "ఇప్పుడేటే అదంతా" అంది ముందు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. "ఆళ్ళది గుమ్మా పక్క ఊరు. సంతకి ఆ వైపోళ్ళు వస్తారు, అడుగుతానుండు" అంది.